ఆకుపచ్చ సిరాతో ముప్పై నిమిషాలు

రాళ్లకుంట మున్సిపాలిటీలో నీళ్లు వదిలే పనిని మనుషుల చేతుల్లోంచి తీసేసి రెండేళ్లయింది. అంతకుముందు ప్రతి ట్యాంకు కింద ఒక ఫిట్టరుండేవాడు. అతను వాల్వు తిప్పితే నీళ్లొచ్చేవి, అతనికి జ్వరమొస్తే రాకపోయేవి. ఈ పద్ధతి ఆధునిక కాలానికి తగదని పైవాళ్లకు తోచింది. అందుకని ఊళ్లో ఉన్న నూట నలభై రెండు వాల్వులకూ తలా ఒక చిన్న పెట్టె బిగించారు. పెట్టెలో చిటికెన వేలి గోరంత చిప్పు, పెట్టెమీద ఒక యాంటెన్నా. వాల్వు ఎన్నింటికి తెరుచుకోవాలో, ఎన్ని నిమిషాలు తెరిచి ఉండాలో ఆ చిప్పులోని ఫ్లాష్ మెమరీలో రాసి ఉంటుంది. తీగలక్కర్లేదు, ట్యాంకు కింద నిలబడి లాప్‌టాప్‌తో గాల్లోంచే రాయొచ్చు, చెరపొచ్చు. రాయడానికి ఓబులేసు అనే కాంట్రాక్టు టెక్నీషియన్‌ను పెట్టారు. రాయనివ్వడానికి ఎవర్నీ పెట్టలేదన్న సంగతి తర్వాత తెలిసింది.

ఓబులేసు ఉండేది చేనేత కాలనీలో. ఆ కాలనీ వాల్వు పొద్దున ఆరుంబావుకు తెరుచుకుని ఆరూ పద్దెనిమిదికి మూసుకునేది. మూడు నిమిషాలు. మొదటి నిమిషం గాలి, రెండో నిమిషం తుప్పు, మూడో నిమిషం నీళ్లు. ఇది ఎవరికీ చాలదు గానీ అందరికంటే సుంకమ్మకు చాలదు. సుంకమ్మ నూలుకు రంగులద్దే మనిషి. తొట్టిలోంచి తీసిన నూలును నాలుగు నీళ్లలో జాడించకపోతే రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది. అలా మచ్చలు పడిన నూలును సొసైటీవాళ్లు అప్పటికి రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి కూడా ఇలాగే వస్తే ఇక నూలు ఇచ్చేది లేదని, ఆ పని పక్క ఊరివాళ్లకు పోతుందని చెప్పారు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. పండగ నూలు ఇంకో మూణ్ణెల్లకు వస్తుంది. ఆమె గడువంతా అదే.

"ఏమల్లుడా, మీ గోరంత చిప్పుకు మా మీద ఏం కోపం?" అని ఓబులేసును వీధిలోనే నిలదీసింది. "బిందె కింద పెట్టేలోగా మూసేస్తాంది. ఫిట్టరు నయం, తిడితే ఇంకో ఐదు నిమిషాలు ఇచ్చేవాడు. దీన్ని తిడితే వింటాదా?"

"నేను చూస్తాలే అత్తా" అన్నాడు ఓబులేసు.

చూశాడు కూడా. ట్యాంకు కింద కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే ఐదు నిమిషాల్లో దొరికిపోయింది. పెట్టెలు బిగించిన కాంట్రాక్టరు మనిషి ముప్పై అని ఇవ్వాల్సిన చోట మూడు అని ఇచ్చి వెళ్లాడు. అర నిమిషం పని. అక్కడికక్కడే సరిచేసి ఇంటికెళ్లి టిఫిను తినొచ్చు. కానీ లిఖితపూర్వక అనుమతి లేనిదే ఏ పెట్టెనూ ముట్టరాదని అంతకు నెల క్రితమే సర్క్యులర్ వచ్చింది. ఓబులేసు సర్క్యులర్లు చదివే రకం. ఆ దురలవాటు వల్లనే తెల్లకాగితం తీసుకుని, "సదరు చిప్పు మెమరీలో కొంత భాగమును చెరిపి, మూడుకు బదులు ముప్పై అని తిరిగి వ్రాయుటకు అనుమతి కోరడమైనది" అని రాసి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చక్రపాణిగారి బల్లమీద పెట్టాడు.

చక్రపాణిగారు కళ్లజోడు పైకి తోసుకుని చదివారు.

"చెరపడమెందుకు? చెరపకుండా రాయలేవా?"

"కుదరదు సార్. పలక మాదిరి అనుకోండి. ఈ మెమరీలో ఒక్క అంకె మార్చాలన్నా ఆ వరసంతా తుడిచి మళ్లా రాయాల. తుడిచే ముందర కాపీ తీసుకుంటా, ఒక్క అంకె తప్ప అంతా మళ్లా ఎట్లున్నిందో అట్లే పెడతా. అర నిమిషం సార్."

"అంటే అర నిమిషంలో ప్రభుత్వ రికార్డును ధ్వంసం చేస్తానని రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నావు" అన్నారు చక్రపాణిగారు. ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "తగు చర్య నిమిత్తం" అని రాసి, రికార్డుల పరిరక్షణాధికారికి పంపేశారు.

రికార్డుల పరిరక్షణాధికారి విశ్వపతిగారు గెజిటెడ్ అధికారి. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే హక్కు ఆ అంతస్తులో ఆయనొక్కరికే ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క కాగితాన్ని పోనివ్వలేదు, ఒక్క కాగితాన్ని కదలనివ్వలేదు. ఆయన జేబులో రెండు పెన్నులుండేవి. ఒకటి మామూలు మనిషిగా రాయడానికి, ఇంకొకటి ప్రభుత్వంగా రాయడానికి. ఓబులేసు కాగితం చూడగానే ఆయన రెండో పెన్ను మూత తీశారు.

"ప్రభుత్వ నిధులతో, ప్రభుత్వ ఆవరణలో, ప్రభుత్వ ప్రయోజనం కోసం వ్రాయబడినది ఏదైనా రికార్డే. చిప్పులో వ్రాయబడి ఉన్నదా?"

"ఉంది సార్."

"కనుక రికార్డు. రికార్డు ధ్వంసమునకు మూడు మెట్లు. ఒకటి, కాగితముపై సంపూర్ణ నకలు. రెండు, ముప్పది రోజుల బహిరంగ ప్రకటన. మూడు, త్రిసభ్య కమిటీ మూలముతో సరిచూచుట."

"నకలు లాప్‌టాప్‌లో పెట్టుకుంటా సార్, ఒక్క నొక్కు నొక్కితే చాలు."

"లాప్‌టాప్‌లో ఉండేదీ మెమరీయే గదా? చెరపదగిన దానికి నకలు చెరపదగిన దానిలో ఉంచుట దొంగసొమ్మును దొంగ దగ్గరే దాచినట్టు. కాగితం."

ఓబులేసు తలాడించాడు. మార్చేది ఒక్క అంకె, చెరిపేది నాలుగు వేల చిల్లర. చిప్పులో మొత్తం ఉన్నవి నలభై ఒక్క లక్షల తొంభై నాలుగు వేల మూడువందల నాలుగు. సంపూర్ణ నకలంటే సంపూర్ణమే కాబట్టి అన్నీ అచ్చు వేయాలన్నారు. వరుసకు పదహారు, పేజీకి నలభై వరుసలు. ఆరు వేల ఐదువందల యాభై నాలుగు పేజీలు తేలాయి. ఆఫీసులోని ప్రింటరు మూడో రోజున పొగ వదిలి పోయింది. జనన మరణ విభాగం నుంచి ఇంకో ప్రింటరు తెచ్చుకున్నారు. దాంతో రాళ్లకుంటలో పదకొండు రోజులు ఎవరూ పుట్టలేదు, ఎవరూ చావలేదు.

కట్టలు కట్టి బల్లమీద పేర్చాక విశ్వపతిగారు పేజీలు తిరగేశారు. మొదటి వేయి పేజీల దాకా రకరకాల అంకెలు, అక్షరాలు. ఆ తర్వాత చివరిదాకా ఒకటే: ఎఫ్ ఎఫ్, ఎఫ్ ఎఫ్, ఎఫ్ ఎఫ్.

"ఏమిటీ ఎఫ్‌లు?"

"ఖాళీ సార్. అక్కడేమీ రాయలేదని."

"ఏమీ రాయకపోతే ఈ ఎఫ్‌లు ఎవరు వ్రాశారు?"

"ఎవరూ రాయలేదు సార్. ఫ్లాష్ మెమరీ ఖాళీగా ఉంటే అట్లనే కనిపిస్తాది."

"ఎవరూ వ్రాయకుండా ఐదున్నర వేల పేజీలు అవుతాయా?" విశ్వపతిగారు కుర్చీలో వెనక్కి వాలారు. "కర్త తెలియని రికార్డు ఓబులేసూ, ఇది. తెలిసినదానికంటే జాగ్రత్తగా కాపాడవలసినది." ఒక్కొక్క పేజీ మీదా ముద్ర, సంతకం పడాలని ఆయనే తీర్మానించుకున్నారు. రోజుకు రెండు వందల చొప్పున సంతకాలు మొదలుపెట్టారు. మొదటి రోజు సంతకంలో ఇంటిపేరు, పేరు, కింద గీత, గీత కింద రెండు చుక్కలు ఉండేవి. రెండో వారానికి చుక్కలు పోయాయి, మూడో వారానికి ఇంటిపేరు పోయింది, నెల తిరిగేసరికి మణికట్టుకు కట్టు పడి, గీతొక్కటే మిగిలింది. ఆకుపచ్చ సిరా బుడ్లు నాలుగు ఖాళీ అయ్యాయి. ఏమీ లేదనడానికి అన్ని ఆకుపచ్చ సంతకాలు పడిన ఊరు ఇంకోటి ఉండదని ఓబులేసుకు గట్టి నమ్మకం.

ఈలోగా బహిరంగ ప్రకటన నోటీసు బోర్డుకెక్కింది. "దిగువ తెలిపిన మెమరీ భాగమును చెరుపుటపై ఎవరికైనా అభ్యంతరములున్నచో ముప్పది రోజులలోగా తెలుపవలెను" అని, కింద రెండు వరుసల అంకెలు. వాటిని చదివినవాళ్లు లాటరీ ఫలితాలనుకుని తమ టికెట్లు తీసి చూసుకున్నారు. ఇరవై తొమ్మిదో రోజున సుంకమ్మ ఆఫీసుకొచ్చింది. ఓబులేసు చెప్పిన "ఇంకో వారం అత్తా" అన్న మాట ఆమె ఆరుసార్లు విన్నది, ఏడోసారి వినే ఓపిక లేదు. మోచేతుల దాకా చిలకపచ్చ రంగుతో, తొట్టి దగ్గర్నుంచి ఎట్లా లేచిందో అట్లాగే వచ్చింది. విశ్వపతిగారు ఆ చేతులు చూసి ఒక్క క్షణం లేచి నిలబడబోయారు. గెజిటెడ్ కాదని తెలిశాక కూర్చున్నారు.

"చేనేత కాలనీ వాల్వు విషయమా? మీకు అభ్యంతరం ఉన్నదా?"

"ఉండకుండా ఎట్లుంటాది సామీ? మూణ్ణిమిషాలు నీళ్లిస్తే ఎవరికి అభ్యంతరం ఉండదు? నాకే కాదు, మా కాలనీ మొత్తానికీ ఉండాది!"

గుమాస్తా రాసుకున్నాడు. చెరపడం మీద అభ్యంతరాలు: ఒకటి, సామూహికం. నిబంధనల ప్రకారం అభ్యంతరం వచ్చిందంటే పని ఆగిపోవాలి, విచారణ జరగాలి. విచారణ జరగడానికి మూడు వారాలు పట్టింది. చెరిపితేనే తనకు నీళ్లొస్తాయని విచారణలో తెలుసుకున్న సుంకమ్మ, "అయితే చెరపండి సామీ, మొత్తం చెరిపేయండి, మీ ఆఫీసు కూడా చెరిపేయండి" అని వేలిముద్ర వేసింది. ఆ కాగితం మీద చిలకపచ్చ ముద్ర పడింది. విశ్వపతిగారికి అది నచ్చలేదు.

బయటికొచ్చాక ఓబులేసు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. పండగ నూలుకు ఇక పదిహేను రోజులు కూడా లేవు. కాగితం పెట్టకుండా ఆ రోజే రాసేసి ఉంటే ఈ పాటికి ఆమె నూలు ఎండలో ఆరుతూ ఉండేది. సిగ్గేసింది, తనమీద తనకే కోపమొచ్చింది. "నువ్వేం చేస్తావులే అల్లుడా" అని ఆమె అనడంతో ఆ కోపం రెట్టింపయింది.

చివరి మెట్టు త్రిసభ్య కమిటీ. చక్రపాణిగారు, విశ్వపతిగారు, సాంకేతిక నిపుణుల కోటాలో పార్కుల సూపరింటెండెంటు. పార్కులో పచ్చికకు నీళ్లు చల్లే యంత్రం ఆయన చేతికిందే ఉంది కాబట్టి ఆయన నిపుణులు. నకలు పేజీలన్నీ కుట్టించిన పదమూడు సంపుటాలూ రెండు ఆటోల్లో ట్యాంకు దగ్గరికి చేరాయి. ఓబులేసు పెట్టె మూత విప్పి చిప్పు చూపించాడు.

"మూలం ఇదేనా?" అన్నారు విశ్వపతిగారు.

"ఇదే సార్."

ఆయన భూతద్దం తీశారు. కుడికన్నుతో చూశారు, ఎడమకన్నుతో చూశారు. భూతద్దం చేతులు మారింది. పార్కుల సూపరింటెండెంటు చిప్పుమీద ఊది మళ్లీ చూశారు.

"ఏమీ వ్రాసినట్లు లేదే?"

"కంటికి కనిపించదు సార్. లోపల కరెంటు రూపంలో ఉంటాది."

"ఒక్క ఎఫ్ అయినా?"

"కనిపించదు సార్."

ముగ్గురూ ట్యాంకు నీడలో కూర్చుని కాసేపు ఆలోచించారు. తర్వాత విశ్వపతిగారు కట్టు కట్టిన చేత్తోనే ఆకుపచ్చ పెన్ను తీసి రాశారు: "మూలమును భూతద్దముతో పరిశీలించడమైనది. ఎట్టి వ్రాతయు కానరాలేదు. నకలు మాత్రము స్పష్టముగాను, ధ్రువీకరించబడియు ఉన్నది. కనుక నేటి నుండి నకలునే మూలముగా పరిగణించవలెను. చిప్పులో ఏమైనా ఉన్నయెడల దానిని సదరు మూలమునకు అనధికార నకలుగా భావించవలెను." మిగతా ఇద్దరూ కింద సంతకాలు చేశారు.

మూలం కాగితమయ్యాక సవరణ చేయాల్సింది కాగితం మీదే గదా. మొదటి సంపుటం యాభై ఎనిమిదో పేజీ తీయమన్నారు.

"ఇక్కడ సార్. కానీ చిప్పు లెక్కలో ముప్పైని ముప్పై అని రాయరు సార్, వన్ ఈ అని రాస్తారు" అన్నాడు ఓబులేసు అలవాటు కొద్దీ.

"ముప్పైని ముప్పై అని వ్రాయడానికి భయమెందుకు?" అని విశ్వపతిగారు సున్నా మూడును అడ్డంగా కొట్టి, పక్కన ముప్పై అంకె వేసి, "అక్షరాలా ముప్పది నిమిషములు మాత్రమే" అని రాసి, సంతకం చేసి, రెండు చుక్కలు కూడా పెట్టారు. చాలా రోజుల తర్వాత పెట్టిన చుక్కలు. ఫిర్యాదు పరిష్కరించబడినదని ఫైలు మూసేశారు.

మర్నాడు చేనేత కాలనీ వాల్వు ఆరుంబావుకు తెరుచుకుని ఆరూ పద్దెనిమిదికి మూసుకుంది.

ఆ మర్నాడు సొసైటీ నుంచి పండగ నూలు వచ్చి సుంకమ్మ గుమ్మంలో దిగింది. ఆమె ఓబులేసును వెంటబెట్టుకుని నేరుగా విశ్వపతిగారి గదికి వెళ్లింది. ఆయన యాభై ఎనిమిదో పేజీ తెరిచి ఆమె వైపు తిప్పారు.

"చూడమ్మా. రికార్డు ప్రకారం మీకు ముప్పది నిమిషములు నీరు వచ్చుచున్నది. మీరు మూడు నిమిషములే పట్టుకొనుచున్న యెడల అది మీ వ్యక్తిగత విషయం."

సుంకమ్మ ఆ పేజీని చూసింది, ఆయన్ని చూసింది, బయటికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఓబులేసుకు. ఆమె తిట్టకపోవడం ఆ కాలనీలో ఎవరూ ఎరగరు. గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు.

"సార్, ఒక చిన్న సందేహం. చిప్పులో ఉండేది ఇప్పుడు రికార్డేనా?"

"కాదని కమిటీ తేల్చినది గదా. అనధికార నకలు."

"మరి దాన్ని చెరపాలంటే మీ అనుమతి కావల్లా సార్?"

"రికార్డు కానిదానితో నా శాఖకేమి పని?" అని విశ్వపతిగారు విసుక్కున్నారు. "నువ్వు మరమ్మతు మనిషివి. నీ చిప్పు, నీ ఇష్టం."

ఓబులేసు మెట్లు రెండేసి చొప్పున దిగాడు. ఈసారి కాగితం పెట్టలేదు. ట్యాంకు కింద నిలబడి, కాపీ తీసుకుని, వరస చెరిపి, ఒక్క అంకె మార్చి, మళ్లీ రాసి, సరిగ్గా పడిందో లేదో చదివి చూసుకున్నాడు. అర నిమిషం కంటే కొంచెం తక్కువే పట్టింది. మూణ్ణెల్లుగా మోస్తున్నదేదో భుజాల మీంచి దిగినట్టయింది.

మర్నాడు పొద్దున ఆరుంబావుకు తెరుచుకున్న వాల్వు ఆరూ పద్దెనిమిది దాటింది, ఆరున్నర దాటింది. కాలనీలో బిందెలు, బకెట్లు, తొట్లు, చివరికి పసివాళ్ల పాలగ్లాసులు కూడా నిండాయి. సుంకమ్మ నూలును నాలుగు నీళ్లు కాదు, ఆరు నీళ్లలో జాడించింది. దండేల మీద చిలకపచ్చ నూలు ఒక్క మచ్చ లేకుండా ఆరుతుంటే, దారినపోయే ఓబులేసును పిలిచి, తడిచేత్తోనే అతని తల నిమిరింది. అతని జుట్టుకంటిన పచ్చదనం వారం రోజులు పోలేదు.

ముప్పై నిమిషాల కబురు ఆఫీసుకూ చేరింది. కమిషనరుగారు స్వయంగా ఆరుంబావుకు వచ్చి, గడియారం చూసుకుంటూ అరగంట నిలబడి, వెళ్లి ఫైలు తెప్పించుకున్నారు. ఫైల్లో ఒకే ఒక్క సవరణ ఉంది, అది ఆకుపచ్చగా ఉంది.

"అద్భుతం!" అన్నారు ఆయన సమావేశం పెట్టి. "పెన్నుపోటుతో నీళ్లు తెప్పించిన మొట్టమొదటి మున్సిపాలిటీ మనదే అయి ఉండాలి. తీగలు లేవు, యంత్రాలు లేవు. దీన్ని నూట నలభై రెండు వాల్వులకూ విస్తరింపజేయాలి."

ఓబులేసు వెనక వరసలోంచి లేచాడు. ఉన్న సంగతి చెప్పకపోతే అన్నం సయించని రకం అతను. "సార్, నీళ్లు వచ్చింది కాగితం వల్ల కాదు సార్. నేను చిప్పులో రాసినాను."

"ఎప్పుడు?" అన్నారు విశ్వపతిగారు.

"మీరు కాగితంలో దిద్దిన మూడో దినం సార్."

"సవరణ పూర్తయి, ఫైలు మూసిన మూడో రోజున నువ్వు వ్రాయవలసినది ఏమి మిగిలినది? ఫైల్లో ఎక్కడైనా నీ పేరున్నదా?"

లేదు. మొదటి కాగితంలో ఉండేది గానీ, ధ్వంసం ప్రతిపాదన కాబట్టి దాన్ని కమిటీ విడిగా తీసి సీలు వేసింది. ఓబులేసు కూర్చున్నాడు.

హరిత సవరణ పథకం అలా మొదలైంది. మెమరీ నకళ్లు తీయడానికి ఎనిమిది ప్రింటర్లు, వాటిని పెట్టడానికి పాత పశువుల ఆస్పత్రి, సంతకాల్లో మణికట్టు నిలకడ మీద రెండు రోజుల శిక్షణ. ఏ చిప్పులో ఏం మార్చాలన్నా పెన్నే చాలు కాబట్టి లాప్‌టాప్‌ను స్టోరుకు సరెండర్ చేయాలని, టెక్నీషియన్ పోస్టు అవసరం తీరినదని ఉత్తర్వు వచ్చింది. ఓబులేసు లాప్‌టాప్‌ను, దాని యాంటెన్నాతో సహా నల్లసంచిలో పెట్టి విశ్వపతిగారికి అప్పగించాడు. ఆయన రసీదు రాసిచ్చారు: నల్లసంచి ఒకటి, లోపలి వస్తువులతో. ఓబులేసు ఇప్పుడు బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో కూర్చుంటున్నాడు. అక్కడ ఎవరూ అనుమతి అడగరు. త్వరగా చెయ్యమని మాత్రమే అడుగుతారు.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన పడి, ఆఫీసర్ల క్వార్టర్స్ ట్యాంకు మీది పెట్టె మాడిపోయింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి కొత్త పెట్టె బిగించి, రాసే పని ఇక పెన్నుదే కాబట్టి అందులో ఏమీ రాయకుండా వెళ్లాడు. కొత్త చిప్పులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎఫ్‌లే. విశ్వపతిగారు ఏమాత్రం కంగారు పడలేదు. నకలు తీయించారు, ఒక ఎఫ్ ఎఫ్‌ను కొట్టి అరవై నిమిషములని రాశారు, సంతకం చేశారు. తొందర్లో ఉన్నారు కాబట్టి ముప్పది రోజుల ప్రకటనను మూడు గంటలకు కుదించారు. మర్నాడు కొళాయి తిప్పితే గాలి కూడా రాలేదు. తొంభై నిమిషములని దిద్దారు. ఆ మర్నాడు నూట ఇరవై.

నాలుగో రోజు పొద్దున ఆరుంబావుకు చేనేత కాలనీ కొళాయి దగ్గర వరసలో సుంకమ్మ, ఆమె వెనక ఓబులేసు, అతని వెనక రెండు ప్లాస్టిక్ బిందెలతో విశ్వపతిగారు నిలబడి ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. చొక్కా జేబులో పెన్నులు మాత్రం రెండూ ఉన్నాయి.

సుంకమ్మ వెనక్కి తిరిగి చూసింది. ముందు పోల్చుకోలేదు, తర్వాత పోల్చుకుంది.

"మీకు రికార్డులో రెండు గంటలు వస్తాండాయంట గదా సార్?" అంది. "పట్టుకోకపోతే అది మీ సొంత విషయం." అని, ఏమనుకుందో ఏమో, ఆయన బిందె ఒకటి లాక్కుని తన బిందె కంటే ముందు కొళాయి కింద పెట్టింది.

నీళ్లు పడుతుండగా విశ్వపతిగారు ఓబులేసు దగ్గరికి జరిగారు. చుట్టూ చూసి, ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎవరితోనూ మాట్లాడనంత మెల్లగా, మామూలు భాషలో అడిగారు.

"ఓబులేసూ, ఆ రోజు నేను దిద్దినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు గదా. ఆ సిరా ఏ బుడ్డిలోదో నీకేమైనా గుర్తుందా? మిగతావాటితో పని జరగడం లేదయ్యా."

ఓబులేసు ఆయన మొహం చూశాడు. ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అడుగుతున్నారు.

"గుర్తుంది సార్" అన్నాడు. "మీ స్టోర్లోనే ఉండాది. నల్లసంచిలో. పోయిన నెల నేనే తెచ్చి ఇచ్చినాను, మీరే రసీదు రాసిచ్చినారు."

విశ్వపతిగారి మొహం వికసించింది. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, అరచేతిలో "నల్లసంచి" అని రాసుకున్నారు. ఆ చేత్తోనే నిండిన బిందె ఎత్తుకున్నారు. క్వార్టర్స్ చేరేసరికి బిందె మీంచి తొణికిన నీళ్లకు ఆ రాత కరిగిపోయింది. కాగితం మీద లేదు కాబట్టి, సంచి సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.